సిమెంటు కర్మాగారం చుట్టూ గ్రీన్‌బెల్ట్: సున్నపురాతి నేలలో దుమ్మును తట్టుకుని నిలిచే చెట్లు ఏవి?

ప్రశ్న: పలకరాతినేల

అందరికీ నమస్కారం. సూర్యాపేట జిల్లాలో హుజూర్‌నగర్, మేళ్లచెరువు పరిసరాల్లోని ఒక సిమెంటు కర్మాగారంలో పర్యావరణ విభాగంలో పనిచేస్తున్నాను. వచ్చే తొలకరికి దాదాపు నాలుగు హెక్టార్లలో కొత్తగా గ్రీన్‌బెల్ట్ వేయాల్సి ఉంది. మా పర్యావరణ అనుమతి పత్రం ప్రకారం మొత్తం స్థలంలో 33 శాతం పచ్చదనం ఉండాలి, హెక్టారుకు 2,500 మొక్కలకు తగ్గకూడదు. షరతు అంతవరకే చెబుతుంది. ఏ మొక్కను ఎక్కడ, ఎందుకు నాటాలన్నది మేమే తేల్చుకోవాలి.

మాకు సలహా ఇచ్చిన సంస్థ, కాలుష్యాన్ని తట్టుకునే శక్తిని బట్టి వరుస పెట్టిన ఒక జాబితా పంపింది. అందులో రావి, మర్రి, మామిడి పై వరుసలో ఉన్నాయి, కానుగ, వేప వాటి కింద ఉన్నాయి. నర్సరీవారేమో కోనోకార్పస్, ఏడాకుల పాల మొక్కలు ఎన్ని కావాలంటే అన్ని వెంటనే పంపిస్తామంటున్నారు. రెండేళ్లలో ప్రహరీ కనిపించనంత దట్టంగా పచ్చదనం రావాలన్నది పై అధికారుల కోరిక.

నన్ను ఆలోచింపజేసింది మాత్రం మా పడమటి హద్దున ఎప్పుడో వేసిన టేకు వరుసలు. చెట్లు బతికాయి, బాగానే ఎదిగాయి. అయితే మాఘమాసం దాటేసరికి ఆకంతా రాల్చి, మళ్లీ వానలు పడేదాకా మోడులుగా నిలబడతాయి. సున్నపురాతి నిల్వల మీదినుంచి, లారీలు తిరిగే దారులమీదినుంచి దుమ్ము ఎక్కువగా లేచేది సరిగ్గా ఆ నెలల్లోనే. నేల సంగతి కూడా చెప్పాలి. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద పొరలు పొరలుగా పలకరాయి. ఈ పరిస్థితిలో ఆ జాబితాను ఎంతవరకు నమ్మవచ్చో, నర్సరీవారు ఇస్తామంటున్న మొక్కలు తీసుకోవచ్చో లేదో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: పత్రహరితం

మీకు వచ్చిన జాబితా ఏపీటీఐ (మొక్క గాలి కాలుష్యాన్ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) అనే సూచిక ఆధారంగా తయారైనదై ఉంటుంది. కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తూ విద్యార్థులతో ఈ లెక్క చేయిస్తుంటాను కనుక, అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో కొంత వివరంగా రాస్తాను.

1983లో ఎస్.కె. సింగ్, డి.ఎన్. రావు ప్రతిపాదించిన ఈ సూచికలో ఆకుకు సంబంధించిన నాలుగు కొలతలు ఉంటాయి: ఆస్కార్బిక్ ఆమ్లం, మొత్తం పత్రహరితం, ఆకు రసపు పీహెచ్ (ఆమ్లగుణమో క్షారగుణమో చెప్పే కొలత, క్షారగుణం పెరిగితే ఇదీ పెరుగుతుంది), ఆకులోని సాపేక్ష నీటి శాతం. పత్రహరితాన్నీ పీహెచ్‌నూ కూడి, ఆ మొత్తాన్ని ఆస్కార్బిక్ ఆమ్లంతో హెచ్చవేసి, నీటి శాతాన్ని కలిపి, పదితో భాగిస్తారు. ఫలితం 11 లోపు ఉంటే సున్నితమైన మొక్క అనీ, 17 గానీ ఆపైన గానీ ఉంటే తట్టుకునే మొక్క అనీ, నడుమ ఉంటే మధ్యస్థమనీ చాలామంది వర్గీకరిస్తారు.

ఉదాహరణకు గ్రాము పచ్చి ఆకులో ఆస్కార్బిక్ ఆమ్లం 6 మిల్లీగ్రాములు, పత్రహరితం 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 6.5, నీటి శాతం 80 అనుకుందాం. సూచిక 13.7 వస్తుంది. అదే చెట్టు ఆకును నడివేసవిలో కోస్తే, మిగిలిన మూడూ మారకపోయినా, నీటి శాతం 60కి పడిపోయిందంటే సూచిక 11.7కు దిగుతుంది. అంటే ఏ నెలలో, ఏ పూట, ఎంత ముదిరిన ఆకును కోశారన్నది తెలియకుండా రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. సిమెంటు పరిశ్రమ దగ్గర మరో చిక్కు ఉంది. మీ దుమ్ము క్షారగుణం గలది. ఆకును శుభ్రంగా కడగకుండా నూరితే రసపు పీహెచ్ పెరుగుతుంది, దానితోపాటు సూచిక కూడా పెరుగుతుంది. పైగా కాలుష్యానికి గురైన ఆకు తనను కాపాడుకునేందుకు ఆస్కార్బిక్ ఆమ్లాన్ని పెంచుకోవడం అనేక మొక్కల్లో కనిపించే లక్షణమే. కాబట్టి పెద్ద అంకె కనిపించినంత మాత్రాన ఆ చెట్టు సుఖంగా ఉందని అనుకోకూడదు. అదే జాతి చెట్టు దుమ్ము లేని చోట ఎలా ఉందో కూడా కొలిచి, రెండింటినీ పోల్చినప్పుడే ఆ అంకెకు విలువ వస్తుంది.

పైగా ఈ సూచిక ఆకు లోపలి గుణాలనే చూస్తుంది, చెట్టు మొత్తాన్ని చూడదు. ఈ లోటును గుర్తించే ఏపీఐ (గ్రీన్‌బెల్ట్‌లో చెట్టు ఎంత పనికొస్తుందో అంచనా వేసే సూచిక) అనే మరో మదింపు పద్ధతి వచ్చింది. అందులో ఏపీటీఐతోపాటు చెట్టు ఎత్తు, కొమ్మల గుబురు, ఏడాది పొడుగునా ఆకు ఉంటుందా లేదా, ఆకు పరిమాణం, గరుకుదనం, చెట్టువల్ల కలిగే ఆర్థిక ప్రయోజనం కూడా లెక్కలోకి వస్తాయి. మీ టేకు ఈ మదింపులో ఆకురాల్చే గుణం దగ్గర మార్కులు కోల్పోతుంది. టేకు ఆకు వెడల్పుగా, గరుకుగా ఉండి దుమ్మును గట్టిగా పట్టుకుంటుందన్నది నిజమే. అవసరమైన నెలల్లో ఆకే లేకపోతే ఆ గుణం ఎందుకూ కొరగాదు.

తట్టుకోవడం వేరు, పట్టుకోవడం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి ప్రయోగశాల కూడా అక్కరలేదు. మీ ఆవరణలో ఇప్పటికే ఉన్న చెట్లనుంచి, ఒకే ఎత్తులో, వాన పడి ఒకే వ్యవధి గడిచాక, ముదురాకులు కోయండి. వాటిని కుంచెతో తుడుస్తూ శుద్ధజలంలో కడిగి, ఆ నీటిని ముందే తూచిన వడపోత కాగితంలో వడగట్టి, ఆరబెట్టి మళ్లీ తూచండి. ఆకు వైశాల్యాన్ని గళ్ల కాగితం మీద లెక్కగట్టి, చదరపు సెంటీమీటరుకు ఎంత దుమ్ము పట్టిందో చూడండి. మీ నేలలో, మీ దుమ్ములో, మీ చెట్టు మీద వచ్చిన ఈ అంకెను నేనైతే ఎక్కడో కొలిచిన సూచిక కంటే ఎక్కువగా నమ్ముతాను.

మామిడి గురించి ఒక మాట. దాన్ని చాలా జాబితాల్లో పై వరుసలో చూస్తాం. కానీ ఉత్తర భారతంలో ఇటుక బట్టీల దగ్గరి తోటల్లో మామిడికాయ కొన నల్లబడి కుళ్లిపోయే జబ్బు బట్టీల పొగవల్ల వస్తుందని చాలాకాలంగా తెలిసిన విషయమే. చెట్టు తట్టుకుంటుంది, కాయ తట్టుకోదు. పైగా కర్మాగారం అంచున కాసిన పండ్లను పిల్లలు కోసుకు తినే అవకాశం ఉంది. ఆ ఒక్క కారణంతోనే దుమ్ము ఎక్కువగా పడే వరుసల్లో పండ్ల చెట్లు వద్దంటాను.

జవాబు: కానుగనీడ

పత్రహరితం గారు ఆకు సంగతి చెప్పారు, నేను వేరు సంగతి చెబుతాను. సామాజిక అడవుల పెంపకంలో చాలా ఏళ్లు పనిచేశాను. మీ ప్రాంతపు పలకరాతి నేలలు కూడా చూశాను.

అక్కడ మొక్కలు చనిపోయేది ఎక్కువగా దుమ్మువల్ల కాదు, గుంతవల్ల. పలకరాతిని తొలిచి రెండడుగుల గుంత తీసి, మట్టి నింపి మొక్క పెడితే, ఆ గుంత ఒక తొట్టిలా తయారవుతుంది. వానాకాలంలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది, తర్వాత వేరు ఆ గోడల వెంటే చుట్లు తిరుగుతుంది. మూడో ఏడు వేసవిలో, ఎవరూ ఊహించనప్పుడు, ఆరడుగుల చెట్టు నిలువునా ఎండిపోతుంది. కాబట్టి మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గుంత తీయించి, అడుగునా పక్కలా గడ్డపారతో రాతి పొరల్లో పగుళ్లు పడేలా కొట్టించండి. చెరువు మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. తవ్వితీసిన సున్నపురాతి పొడిని మళ్లీ గుంతలో పోయనివ్వకండి. కూలీలు తెలియక చేసే పని అది, దగ్గర నిలబడి చూసుకోవాలి.

సున్నం ఎక్కువగా ఉన్న నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుము లోపమే. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ద్రావణం పిచికారీ చేస్తే తాత్కాలికంగా కోలుకుంటుంది. ఇలాంటి నేలలో మామిడి, యూకలిప్టస్ తరచూ ఈ లోపంతో బాధపడతాయి. కానుగ, వేప, చింత, దిరిసెన, సీమచింత, తుమ్మ జాతులు బాగా ఓర్చుకుంటాయి. జాబితాలో కింద ఉన్న వేప మీ నేలలో పైన ఉన్న మామిడి కంటే మంచి చెట్టు అవుతుందని చెప్పడానికి నేను వెనుకాడను.

ఇక ఆకురాల్చే కాలం. చలికాలపు తెల్లవారుజామున గాలి కదలక దుమ్ము నేలకు దగ్గరగా నిలిచిపోతుంది, వేసవిలో సుడిగాలులు దాన్ని లేపుతాయి. కార్తికం నుంచి జ్యేష్ఠం దాకా ఏ చెట్టు ఎప్పుడు ఆకుతో ఉంటుందో ఒక కాగితం మీద రాసుకోండి. వేప, రావి, కానుగ వేసవి తొలినాళ్లలో ఆకు రాల్చినా కొద్ది వారాల్లోనే చిగురిస్తాయి. మర్రి, నేరేడు, పొగడ దాదాపు ఏడాదంతా పచ్చగా ఉంటాయి. అయితే నేరేడుకు తేమ కావాలి, పొగడ నిదానంగా పెరుగుతుంది. కాబట్టి ఈ రెండింటినీ నీటి వసతి ఉన్న కార్యాలయాల వైపు, కాలనీ వైపు ఉంచండి. ఒకే సమయంలో ఆకు రాల్చే చెట్లను ఒకే వరుసలో పెట్టకండి. ముందు వరుస మోడైన వారంలో వెనుక వరుస పచ్చగా ఉండాలి.

ఏ ఒక్క జాతినీ నమ్ముకోవద్దు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివర్లనుంచి మాడిపోయి ఊళ్లకు ఊళ్లు కలవరపడ్డాయి, గుర్తుండే ఉంటుంది. దానికి శిలీంద్రం ముఖ్య కారణమని తేలింది, చాలా చెట్లు తర్వాత చిగురించాయి. కానీ మొత్తం బెల్టు వేపతోనే వేసి ఉంటే ఆ ఏడాది మీ హద్దు ఎలా ఉండేదో ఆలోచించండి. ఒక జాతి పది శాతం మించరాదని నగర వనాల పెంపకంలో ఒక సూత్రం ఉంది. మీ నేలలో అంత కచ్చితంగా కుదరకపోవచ్చు గానీ, ఏ జాతినీ ఐదో వంతు దాటనివ్వకండి.

హెక్టారుకు 2,500 అంటే మొక్కకు నాలుగు చదరపు మీటర్లు, అంటే అటూ ఇటూ రెండేసి మీటర్ల ఎడం. ఆ ఎడంలో మర్రి గానీ రావి గానీ చెట్టుగా ఎదగలేవు. కాబట్టి పెద్ద చెట్లను ఎనిమిదేసి మీటర్ల దూరంలో ముందు గుర్తుపెట్టుకుని, నడుమ ఖాళీలను మధ్యరకం చెట్లతో, పొదలతో నింపితే అంకె సరిపోతుంది, చెట్టుకూ చోటు మిగులుతుంది. మరీ దట్టంగా, సందు లేకుండా పెంచినా ప్రయోజనం తగ్గుతుంది. గాలి లోపలికి రాకుండా పైనుంచి దాటిపోయి, అవతల సుడి తిరిగి దుమ్మును అక్కడ దింపుతుంది. గాలి సగానికి సగం లోపలికి వచ్చి, ఆకుల మధ్య నెమ్మదించి, దుమ్మును వదిలేలా ఉండాలి. గాలి వచ్చే వైపు పొదలు, తర్వాత మధ్యరకం చెట్లు, వెనుక ఎత్తైనవి ఉంచండి. మీ దగ్గర వానాకాలంలో పడమటి గాలి, చలికాలంలో తూర్పు, ఈశాన్య గాలి వీస్తాయి. వానాకాలంలో దుమ్ము తక్కువ కనుక, ముందుగా డబ్బు, నీళ్లు ఖర్చుపెట్టాల్సింది చలికాలపు గాలి దుమ్మును మోసుకుపోయే దిక్కున.

జవాబు: సాగరతీరం

నేను విశాఖపట్నంలో ఉంటాను. కోనోకార్పస్, ఏడాకుల పాల గురించి మాకు జరిగినది చెప్పడం అవసరమనిపించింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా నగరంలో చెట్లను కూల్చేసింది. ఆ తర్వాత త్వరగా పచ్చదనం రావాలన్న తొందరలో ఈ రెండు మొక్కలనూ విరివిగా నాటారు. పచ్చదనం నిజంగానే త్వరగా వచ్చింది. కానీ ఏడాకుల పాల శరత్కాలంలో పూతకు వచ్చినప్పుడు ఆ ఘాటైన వాసనకు తలనొప్పి, ఆయాసం వస్తున్నాయని కాలనీల్లో ఫిర్యాదులు మొదలయ్యాయి. ఉబ్బసం ఉన్నవారి ఇంటి ముందు అవి నాలుగు చెట్లుంటే సాయంత్రం కిటికీ తెరవడం కష్టం. మీ కార్మికుల కాలనీ, పక్క ఊళ్లు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి. దుమ్మువల్ల ఇప్పటికే ఇబ్బందిపడే ఊపిరితిత్తులకు మరో భారం పెట్టకూడదు.

కోనోకార్పస్‌లో మన దగ్గర పెంచేవి ఆఫ్రికా కొమ్ము, అరేబియా, అమెరికా తీరాలకు చెందినవి. ఉప్పును, వేడిని, దుమ్మును తట్టుకుంటాయన్నది నిజం. ఆ కారణంగానే గుజరాత్ కూడా విరివిగా నాటించింది. పుప్పొడివల్ల వచ్చే అలర్జీ, కాలువల్లోకి, పైపుల్లోకి చొచ్చుకుపోయే వేళ్ల కారణంగా 2023లో అక్కడి అటవీశాఖే ఇక నాటవద్దని ఆదేశించింది. తెలంగాణలోనూ నర్సరీల్లో వాటిని పెంచవద్దని సూచనలు వచ్చాయి. మీ సొంత రాష్ట్రం వద్దన్న మొక్కను పర్యావరణ నివేదికలో ఎలా చూపిస్తారు?

వచ్చే జాబితాలను ఆ పరిశ్రమ ఏం వదులుతుందో చూసి చదవాలన్నది నా మరో సూచన. మాకు ఒకవైపు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే గంధకపు వాయువులు, ఇంకోవైపు ఓడరేవు బొగ్గు దుమ్ము, వీటన్నిటి మీద సముద్రపు ఉప్పుగాలి. గంధకపు వాయువు సోకిన ఆకు ఈనెల మధ్య తెల్లబడుతుంది, ఫ్లోరైడు సోకిన ఆకు అంచునుంచి, కొననుంచి మాడుతుంది. అక్కడ గంగరావి, పొన్న, కానుగ వంటివి నిలుస్తాయి. మీది ప్రధానంగా క్షారపు దుమ్ము. మా జాబితా మీకు పనికిరాదు, మీది మాకు పనికిరాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2000లో ప్రచురించిన గ్రీన్‌బెల్ట్ మార్గదర్శకాలు కూడా వాతావరణ మండలాలవారీగా మొక్కలను ఇవ్వడానికి కారణం అదే. కన్సల్టెంటుకు ఆ పుస్తకం చూపించి, మీ వాతావరణ మండలానికి ఇచ్చిన మొక్కల నుంచి ఎందుకు తప్పుకున్నారో అడగండి.

జవాబు: గట్టుమీదిరైతు

నేను ఇలాంటి కర్మాగారానికి ఆనుకుని సాగర్ ఎడమ కాలువ కింద వరి, మెట్టలో మిరప వేసే రైతును. గోడకు ఇవతల మీరు వేసే చెట్లకు అవతల మేము ఉంటాం కనుక నా మాట కూడా వినాలని కోరుతున్నాను.

డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే మిరప చేలోకి వెళితే ఆకు మీద మంచుతో కలిసిన బూడిదరంగు పొర కనిపిస్తుంది. ఎండ ఎక్కేసరికి అది ఆరి గట్టిపడుతుంది, గోటితో గీస్తే పెచ్చుగా లేస్తుంది. నీళ్లు చల్లినా ఊడదు. ఆ దుమ్ము పొగగొట్టం నుంచి వచ్చేది కాదు, లారీలు తిరిగే మట్టిదారి నుంచి, కప్పులేని నిల్వల నుంచి వచ్చేది. పొగగొట్టం పైనుంచి వెళ్లేదాన్ని మీ చెట్లు ఎలాగూ అందుకోలేవు. కాబట్టి ప్రహరీ లోపలే కాకుండా లారీల దారికి రెండువైపులా కూడా మొక్కలు వేయించండి, దారి మీద నీళ్లు చల్లించండి, లారీలకు టార్పాలిన్ కట్టించండి. చెట్టు ఆ పనులకు బదులు కాకూడదు.

హద్దున సుబాబుల్, యూకలిప్టస్ వద్దు. ఒకటి గింజ రాల్చి చేలల్లో మొలుస్తుంది, ఇంకోటి గట్టు తేమంతా లాగుతుంది. కానుగ, వేప వేస్తే మాకు అభ్యంతరం లేదు. కానుగ రొట్టను మా పెద్దలు వరి మడిలో తొక్కించేవారు, వేప గింజల కషాయం ఇప్పటికీ కాస్తున్నాం.

పలకరాతినేల

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. కోనోకార్పస్, ఏడాకుల పాల వద్దని సాగరతీరం గారు రాసిన కారణాలతోనే కాగితం పెడుతున్నాను. లారీల దారి వెంట వరుసలు, టార్పాలిన్ సంగతి కూడా అందులో చేర్చాను. రైతుగారు చెప్పిన పెచ్చు మా కాలనీలోని గన్నేరు ఆకుల మీద కూడా నేను చూశాను.

ఒక చిక్కు మిగిలింది. క్రషర్ వైపు, అంటే దుమ్ము అన్నిటికంటే ఎక్కువగా ఉన్నచోట, గోడకూ రోడ్డుకూ మధ్య ఆరు మీటర్ల స్థలమే ఉంది. దాని మీదుగా 33 కేవీ విద్యుత్ తీగలు వెళుతున్నాయి. కాలనీ మురుగునీటిని శుద్ధిచేసిన నీళ్లు మాత్రం అక్కడికి పైపు ద్వారా ఇవ్వగలం. అక్కడ ఏం వేయవచ్చు?

జవాబు: కానుగనీడ

తీగల కింద చెట్టు జాతి ఏదీ వద్దు. ఈ ఏడు నాటితే ఐదో ఏట విద్యుత్ సిబ్బంది వచ్చి తలలు నరుకుతారు, తల నరికిన చెట్టు బలహీనమైన రెమ్మలను గుంపుగా వేస్తుంది. అక్కడ పొదలే సరైనవి. గోడ వైపు బందారు, దాని ముందు గన్నేరు, గోడ మీదికి పాకేలా కాగితం పూలు వేయండి. బందారు మన రాతి గుట్టల మీద సహజంగా పెరిగే మొక్క, నీళ్లు పెద్దగా అడగదు. దాని ఆకు జిగటగా ఉంటుంది కనుక దుమ్ము అంటుకుంటుంది. గన్నేరు దుమ్మును, వేడిని బాగా ఓర్చుకుంటుంది, కానీ ఆకు, పువ్వు, కాండం అన్నీ విషమే. మేకలు, పిల్లలు వచ్చే చోట వేయకండి. మీ క్రషర్ వైపు ఎవరూ రారు కనుక ఫరవాలేదు.

శుద్ధిచేసిన నీటిని డ్రిప్ ద్వారా వేరుకు ఇవ్వడం సరిపోదు. వేసవిలో నెలకు ఒకటి రెండుసార్లు తెల్లవారుజామున, మంచి ఒత్తిడితో ఆకు తడిచేలా నీళ్లు కొట్టించాలి. అయితే అప్పుడు ఆకు మీద కొట్టేది బోరు నీరో, కాలువ నీరో అయితే మంచిది. శుద్ధినీటిలో లవణాలు ఎక్కువగా ఉంటే ఆకు అంచులు మాడతాయి. ముందు ఆ నీటిని పరీక్ష చేయించండి. కొంచెం కొంచెంగా చల్లడం మాత్రం వద్దు, రైతుగారు చెప్పిన పెచ్చు మీరే తయారుచేసినట్టవుతుంది.

నర్సరీకి ఇప్పుడే ఆర్డరు ఇవ్వండి. ఏడాదిన్నర, రెండేళ్ల వయసున్న, ఛాతీ ఎత్తు దాటిన మొక్కలు కావాలని రాతపూర్వకంగా అడగండి. తీసుకునేటప్పుడు నాలుగైదు సంచులు కోసి చూడండి. వేరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ బండి మొత్తం తిప్పి పంపండి. గుంతలు వేసవిలోనే తీయించి ఎండకు వదిలేయండి. నేల బాగా తడిసేలా రెండు మూడు వానలు పడ్డాక, జూలైలో నాటండి. మొదటి రెండు వేసవులు నీళ్లు తప్పకూడదు. ఎండిన మొక్కల లెక్క ఏటా మే నెలాఖరున తీసుకోండి. చాలాచోట్ల అక్టోబరులో తీసి అన్నీ బతికాయని రాస్తారు. మేలో లెక్క తీస్తే ఆ జూలైలోనే ఖాళీలు నింపవచ్చు.